రెక్కల మీద గాలిని అదుపు చేసే చదువు... లోన్ తీసుకుని అమెరికా పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతోంది. విమానాల ‘యాక్టివ్ ఫ్లో కంట్రోల్’లో రీసెర్చ్ చేస్తుందట, లోన్ తీసుకుని అమెరికా పంపమంటోంది. బంధువులేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు సార్? – ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్నది మంచి సబ్జెక్టే. విమానం ముక్కు మరీ పైకెత్తితే గాలి రెక్కను అంటిపెట్టుకోకుండా విడిపోతుంది, లిఫ్ట్ (విమానాన్ని పైకి లేపే బలం) పడిపోతుంది. సన్నని రంధ్రాల్లోంచి గాలిని చిమ్మి, విడిపోయే ప్రవాహాన్ని మళ్లీ అంటుకునేలా చేయడం ఈ రంగం పని. రెక్కకే కాదు, తోకకూ ఇది పనికొస్తుంది. ఒక ఇంజన్ ఆగిపోయినా విమానం పక్కకు తిరిగిపోకుండా నిలపాలి కాబట్టే నిలువు తోకను అంత పెద్దగా కడతారు. మిగతా సమయమంతా ఆ అదనపు సైజు బరువే. నాసా, బోయింగ్ కలిసి 757 విమానం తోకకు ఇలాంటి గాలి జెట్‌లు అమర్చి 2013లో విండ్ టన్నెల్‌లో (గాలిని వేగంగా వీయించి పరీక్షించే సొరంగం) పరీక్షిస్తే, తోక పక్కకు నెట్టే బలం 20 శాతానికి పైగా పెరిగింది. 2015లో ఎగరేసి కూడా చూశారు.

మరి అన్ని విమానాల్లోనూ ఎందుకు లేదు? ఆ గాలిని ఇంజన్ నుంచో మరో యంత్రం నుంచో తేవాలి. పైపులు, బరువు, మెయింటెనెన్స్ అన్నీ కలిపితే లాభం తరిగిపోతుంది. అందుకే ఇది ఇంకా ఎక్కువగా ల్యాబుల్లోనే ఉంది. ఈ పేరుతో ఉద్యోగ ప్రకటనలు వస్తాయని ఎదురుచూడొద్దు.

లోన్ విషయంలో నా మాట సూటిగా: ఫండింగ్ లేని ఎంఎస్‌కి, అదీ ఈ సబ్జెక్టు కోసం, పంపొద్దు. అమెరికాలో రక్షణ రంగంతో ముడిపడిన ఏరోస్పేస్ ఉద్యోగాల్లో చాలావరకు పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు. ఈ సంగతి కన్సల్టెన్సీల వాళ్లు ముందుగా చెప్పరు.

గేట్ రాయించండి. మెకానికల్ వాళ్లు ఏరోస్పేస్ పేపర్ కూడా రాయొచ్చు. ఐఐఎస్సీ, ఐఐటీ కాన్పూర్, బొంబాయి, మద్రాసుల్లో ఏరోస్పేస్ విభాగాలున్నాయి. జాతీయ విండ్ టన్నెల్ కాన్పూర్‌లోనే ఉంది. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. పీహెచ్‌డీ దాకా వెళ్లే ఓపిక ఉందో లేదో తనకు అక్కడే తెలుస్తుంది. లేదనుకుంటే సీఎఫ్‌డీ (గాలి, నీటి ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కగట్టడం), పైథాన్ ప్రోగ్రామింగ్ చేతిలో ఉంటాయి. బెంగళూరు, హైదరాబాద్ ఇంజనీరింగ్ సర్వీసెస్ కంపెనీల్లో వాటికి పని ఉంది. బంధువుల టెన్షన్ కూడా తగ్గుతుంది.

ఈలోగా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రెడీమేడ్‌గా కొననివ్వకండి (కొనేవాళ్లు ఎక్కువే). కొన్ని కార్లలో అద్దం కడిగే నీళ్లు విసనకర్రలా పరుచుకుని పడతాయి, గమనించారా? ఆ నీళ్లు చిమ్మే నాజిల్‌లో కదిలే భాగమే ఉండదు, లోపలి ఆకారమే ధారను అటూ ఇటూ ఊపుతుంది. 757 తోకలో పెట్టిన జెట్‌లదీ అదే సూత్రం. అలాంటి నాజిల్‌ను త్రీడీ ప్రింట్ చేయించి, కంప్రెసర్‌కు బిగించి, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో మైక్రోఫోన్‌తో కొలవమనండి. ఆ గ్రాఫులు జతచేసి సమ్మర్ ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాలి. జనవరి దాటకుండా పెడితే మంచిది.