రెండేళ్లకే డిగ్రీ ఆపేసి పూతరేకుల వ్యాపారమా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం. మా అత్తగారి కాలం నుంచి ఇంట్లో పూతరేకులు చుట్టి షాపులకు వేస్తున్నాం. మా అమ్మాయి రాజమండ్రిలో బీకాం రెండో సంవత్సరం. ఈ ఏడు అయిపోగానే కాలేజీ మానేస్తానంటోంది. కొత్త విద్యా విధానంలో రెండేళ్లకే డిప్లొమా ఇస్తారట, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ చేరొచ్చట. షాపు వాళ్లు పెట్టెకి 120 ఇస్తున్నారు, ఇన్‌స్టాలో పెడితే 250 వస్తుంది, నేనే అమ్ముతానంటోంది. ఇది విన్నప్పటి నుంచీ వాళ్ల నాన్న అన్నం సరిగ్గా తినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు వాళ్ల నాన్నగారిని అన్నం తినమనండి. పిల్ల లేనిపోనిది ఏమీ చెప్పలేదు. 2020 జూలైలో వచ్చిన జాతీయ విద్యా విధానంలో ఆ వెసులుబాటు నిజంగానే ఉంది. ఏడాది చదివి ఆపితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్. చదివినంత వరకు వచ్చిన క్రెడిట్లు, అంటే పాసైన పేపర్లకు ఇచ్చే పాయింట్లు, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఆన్‌లైన్ ఖాతాలో జమవుతాయి.

అయితే 'ఎప్పుడు కావాలంటే అప్పుడు' అన్న మాట మాత్రం తప్పు. నాలుగేళ్ల డిగ్రీ కోసం 2022 డిసెంబరులో యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ ఇచ్చిన నిబంధనల ప్రకారం, ఆపినవాళ్లు మూడేళ్లలోపు తిరిగి చేరాలి. మొత్తం కోర్సు ఏడేళ్లలో పూర్తవ్వాలి. డిప్లొమా కూడా ఊరికే చేతిలో పెట్టరు. రెండేళ్లకు 80 క్రెడిట్లు రావాలి, దానికి తోడు వేసవి సెలవుల్లో 4 క్రెడిట్ల నైపుణ్య కోర్సు ఒకటి చేసి ఉండాలి. మీ అమ్మాయి చేసిందా? అడగండి. యూనివర్సిటీలు వీటిని తమ తమ పద్ధతిలో అమలు చేస్తాయి కాబట్టి, కాలేజీ ఆఫీసులో నోటిమాటగా కాదు, కాగితం మీద రాయించుకుని తెచ్చుకోమనండి.

అసలు ఈ మధ్యలో దిగే మెట్లు ఎవరి కోసం పెట్టారు? ఫీజు కట్టలేకో, పెళ్లయ్యో, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోకో చదువు ఆగిపోయిన పిల్లల రెండేళ్ల కష్టం గంగలో కలవకూడదని. ఒక్క ఏడాదిలో డిగ్రీ చేతికొచ్చే పిల్ల ఆ మెట్టు మీద దిగాల్సిన పనేముంది? పైగా కాస్ట్ అకౌంటింగ్, జీఎస్టీ, ఆడిటింగ్ లాంటి పేపర్లు బీకాంలో సాధారణంగా చివరికే వస్తాయి. వ్యాపారం పెడతానన్న మనిషి సరిగ్గా వాటి ముందు లేచి వెళ్లిపోతానంటోంది!

పిల్లల్ని సొంత కాళ్ల మీద నిలబెట్టాలన్న ఆలోచన ఈ విధానంలో బడి నుంచే ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పది రోజులు సంచీ లేకుండా బడికి వచ్చి వడ్రంగి దగ్గరో, కుమ్మరి దగ్గరో, తోటమాలి దగ్గరో కూర్చుని పని చూడాలని రాశారు. ఇది చదివినప్పుడల్లా నాకు మీలాంటి ఇళ్లే గుర్తొస్తాయి. మీ పిల్ల పది రోజులు కాదు, పదేళ్లు నాయనమ్మ పక్కన కూర్చుని ఉంటుంది. జయ బియ్యం పిండి ఎంత పల్చగా ఉండాలో, బోర్లించిన కుండ ఎంత వేడెక్కాక గుడ్డ లాగాలో, రేకు చిరక్కుండా ఎలా ఎత్తాలో ఆమెకు ఎవరూ క్లాసు చెప్పక్కర్లేదు. అది పనితనం. వ్యాపారం వేరే. ఆ రెండోది ఆమెకు వచ్చో రాదో ఇంకా ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా.

తెలుసుకోవడానికి కాలేజీ మానక్కర్లేదు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2021లో ఒక పథకం పెట్టారు. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు తలా 2,000 రూపాయలు ఇచ్చి, జట్లుగా ఏదో ఒక వ్యాపారం చేసి చూడమన్నారు. నాకు అందులో నచ్చింది ఆ మొత్తం చిన్నది కావడం. పోయినా కొంప మునగదు, కానీ లెక్క చెప్పాల్సి వస్తుంది. మీరూ అదే చేయండి. ఈ సెలవులకు ఆమె చేతిలో 5,000 పెట్టి, హైదరాబాద్‌కో బెంగళూరుకో ఇరవై పెట్టెలు పంపించి చూడమనండి. ఎన్ని పెట్టెలు పగలకుండా చేరాయో, ఎంతమంది మళ్లీ అడిగారో పుస్తకంలో రాయమనండి.

పగలడం సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆ మధ్య నాకు తెలిసినవాళ్లు ప్రేమగా కొరియర్‌లో పూతరేకులు పంపారు. తెరిస్తే నెయ్యి వాసన బ్రహ్మాండంగా ఉంది, రేకు మాత్రం ఒక్కటీ లేదు. చెంచాతో తిన్నాం.

ఇప్పుడు ఆమె లెక్కే చూద్దాం. 250లో షాపు వాళ్లిచ్చే 120 తీసేస్తే మిగిలేది 130. గట్టి పెట్టెకీ కొరియర్‌కీ కలిపి 85 అనుకోండి. పదింట్లో ఒక పెట్టె పొడైపోయి డబ్బు వాపసు ఇస్తే, ఒక్కో పెట్టె మీద ఇంకో 25 పోయినట్టు. మిగిలింది 20. అందులోనే ఫోను ఎత్తి 'మీ పార్సిల్ బయల్దేరిందండీ' అని చెప్పే కూలీ. నా అంకెలు మీ దగ్గర అటూ ఇటూ కావచ్చు. ఆమె అంకెలు ఆమెనే వేయమనండి, బీకాం పిల్లే కదా.

కాలేజీని కూడా వాడుకోవచ్చు, చాలామంది వాడుకోరు. విద్యార్థుల స్టార్టప్‌ల కోసం కేంద్రం 2019లోనే ఒక విధానం ఇచ్చింది. సొంత వ్యాపారాన్నే ప్రాజెక్టుగా చూపించుకోనివ్వడం, హాజరు తగ్గినా అనుమతితో పరీక్ష రాయనివ్వడం, అవసరమైతే ఒక సెమిస్టరో ఏడాదో విరామం ఇవ్వడం అందులో ఉన్నాయి. పాటించడం కాలేజీ ఇష్టం. నేను చూసిన కొన్ని కాలేజీల్లో ఇలాంటి పిల్లలకు తోడ్పడాల్సిన ఇన్నోవేషన్ కౌన్సిల్ అంటే గోడ మీద బోర్డే. అయినా ప్రిన్సిపాల్‌గారికి ఒక ఉత్తరం రాస్తే పోయేదేముంది? మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉంది. దాన్ని ఏదైనా స్వీట్ల తయారీదారు దగ్గరో, ఆన్‌లైన్‌లో తినుబండారాలు అమ్మే వాళ్ల దగ్గరో చేస్తానని అడగమనండి. రేపు ఆర్డర్లు నిజంగానే పెరిగి క్లాసులకు వెళ్లడం కుదరకపోతే, అప్పుడు సెమిస్టర్ విరామం అడగొచ్చు. డిప్లొమా తీసుకుని బయటపడడం కన్నా అది నయం.

కాగితాల సంగతి రెండు ముక్కలు. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, పెట్టె మీద ఆ నంబరూ తయారీ తేదీ వేయాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు, వచ్చింది కాబట్టి ఆ గుర్తు వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. దాని సంగతి మీ ఊళ్లో తయారీదారుల సంఘం వాళ్లను అడిగితే చెబుతారు. ముద్ర లోన్ మాట ఇప్పుడే ఎత్తనివ్వకండి. ముందు ఇరవై పెట్టెలు చేరనివ్వండి.

చివరిగా మీ గురించి ఒక మాట, మీరు అడగకపోయినా. రోజుకు ఎన్ని గంటలు ఆ కుండ సెగ ముందు కూర్చుంటున్నారు? షాపు వాళ్లిచ్చే 120లో మీ కూలి ఎంతో ఎప్పుడైనా లెక్క వేశారా? పిల్ల ఆర్డర్లు రెట్టింపైతే రేకులు తీయాల్సింది మీరూ మీ అత్తగారే కదా. ఆమె లెక్కల పుస్తకం తెరిచిన రోజు, ఖర్చుల్లో మొదటి గీత మీద 'అమ్మ కూలి' అని రాసి, పక్కన అంకె వేయమనండి. ఆ తర్వాత కూడా లాభం కనిపిస్తే, నాకు మళ్లీ రాయండి. మొదటి ఆర్డరు నాదే, కాకపోతే కొరియర్ వద్దు, నేనే వచ్చి తీసుకుంటాను.