బ్రూక్‌లాండ్స్ చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ చరిత్ర రాయాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. చాలా సంతోషమమ్మా. ఉద్యోగ జీవితమంతా రోడ్లతో, కాంక్రీటుతో గడిపినవాణ్ణి కనుక నా సలహాలు ఆ వైపు నుంచే ఉంటాయి.

విజేతల పట్టికతో మొదలుపెట్టకు. ఇంగ్లండులో అసలు ట్రాక్ ఎందుకు కట్టాల్సి వచ్చిందో ముందు చెప్పు. 1903 నాటి చట్టం ప్రకారం అక్కడి రోడ్ల మీద కారు వేగం గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు దాటకూడదు. ఫ్రాన్సు, ఇటలీల్లో రోడ్లు మూసి పందేలు నడిపేవారు. బ్రిటన్‌లో ఆ వీలు లేదు. కొత్త కారును పూర్తి వేగంతో నడిపి చూసుకునే చోటే లేకపోతే తయారీదారులు ఎలా ఎదుగుతారు? ఆ బెంగతోనే హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి సర్రేలోని వేబ్రిడ్జ్ దగ్గర తన సొంత భూమిలో ట్రాక్ కట్టించాడు. 1906 చివర్లో పని మొదలైంది, 1907 జూన్ 17న ప్రారంభోత్సవం జరిగింది. చుట్టుకొలత 2.75 మైళ్లు.

అక్కడికి వెళ్లినప్పుడు మ్యూజియంలోని కార్ల కన్నా ముందు మెంబర్స్ బ్యాంకింగ్ అనే ఏటవాలు మలుపు దగ్గరికి వెళ్లు. కింద నిలబడి పైకి చూడు. వేగంగా వచ్చే కారు మలుపులో బయటికి జారిపోకుండా ట్రాక్ బయటి అంచును దాదాపు 9 మీటర్ల ఎత్తుకు లేపారు. మేము రోడ్డు మలుపుల్లో ఇచ్చే సూపర్ ఎలివేషన్ సూత్రమే అది. అంత వాలు మీద ఆనాటి తారు రోడ్డు నిలవదు, అందుకే కాంక్రీటు పోశారు. కొత్తగా పోసిన మట్టి కట్ట పూర్తిగా సర్దుకోకముందే పోశారు. నేల దిగినకొద్దీ పలకలు ఎగుడుదిగుడయ్యాయి. అతుకుల దగ్గర ఆగి పరిశీలించు, ఎక్కడ మరమ్మతు చేశారో నీకే తెలుస్తుంది.

వే నది మీది వంతెన దగ్గర ఏర్పడిన గతుకు మీద జాన్ కాబ్ నడిపిన నేపియర్-రైల్టన్ కారు నాలుగు చక్రాలతో గాలిలోకి లేచిన ఫోటో ఒకటి ఉంది. తప్పకుండా చూడు. 1935లో అదే కారుతో ఆయన గంటకు 143.44 మైళ్ల సగటు వేగంతో ల్యాపు రికార్డు నెలకొల్పాడు. అంటే 230 కిలోమీటర్ల పైమాటే. ట్రాక్ మూతపడే దాకా దాన్ని ఎవరూ దాటలేదు. ఆ అంకె రాసిన చోటే ఆ గతుకు గురించీ రాయి. సాఫీ రోడ్డు మీద సాధించిన వేగం కాదది.

ఈథెల్ లాక్ కింగ్‌ను ఒక్క వాక్యంలో ముగించేయకు. నిర్మాణ ఖర్చు అంచనాలను మించి పెరిగి భర్త అప్పుల్లో కూరుకుపోతే, పనిని ముందుకు నడిపించింది ఆమె. ప్రారంభోత్సవం నాడు కార్ల ఊరేగింపుకు ముందు నిలిచిన ఇటాలా కారును నడిపిందీ ఆమే. చాలా వ్యాసాల్లో ఆమె 'భార్య'గానే మిగిలిపోయింది. నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది.

చుట్టుపక్కల ఇళ్లవాళ్లనూ మరిచిపోకు. ప్రారంభమైన పది రోజులకే ఎస్.ఎఫ్. ఎడ్జ్ రాత్రి ఎర్ర లాంతర్ల వెలుగులో 24 గంటలు ఏకబిగిన నేపియర్ కారు నడిపాడు, సగటు వేగం గంటకు 66 మైళ్లకు కాస్త తక్కువ. ఆ మోతకు నిద్ర కరువైనవాళ్ల అభ్యంతరాలతో రాత్రి పరుగులు ఆగిపోయాయి. 1929లో 24 గంటల పోటీ పెట్టాలనుకుంటే రోజుకు 12 గంటల చొప్పున రెండు రోజులు నడపాల్సి వచ్చింది, రెండు రోజుల నడుమ వచ్చే రాత్రి కార్లకు తాళం వేసి! కోర్టు కాగితాలు, స్థానిక పత్రికలు దొరికితే వాటికి ఒక రోజు కేటాయించు.

ఇక విమానాల సంగతి. హాకర్ హరికేన్ అనే యుద్ధ విమానం 1935 నవంబరులో తొలిసారి ఎగిరింది ఈ ట్రాక్ ఆవరణ నుంచే. 1939 ఆగస్టు తర్వాత అక్కడ పందేలు జరగలేదు. యుద్ధకాలంలో వెల్లింగ్టన్ బాంబర్ల తయారీ కోసం ట్రాక్‌ను అక్కడక్కడా తెగ్గొట్టారు. 1946లో స్థలం వికర్స్ అనే విమాన తయారీ సంస్థ చేతికి పోయింది. ట్రాక్‌కు యుద్ధం వల్లే అంతం వచ్చిందని రాసేవాళ్లున్నారు. నా మటుకు నాకు, దిగిపోతున్న ఆ కాంక్రీటు కూడా అందులో భాగమే. నువ్వు చూసి, సరిపోల్చి, నీకు నమ్మకం కుదిరితేనే అలా రాయి. మైళ్ల లెక్కలన్నిటికీ పక్కనే కిలోమీటర్లు ఇవ్వు. మొదటి ముసాయిదాను చక్కదిద్దే పని పెట్టుకోకుండా నాకు పంపు, అతుకుల ఫోటోల్లో పక్కన ఒక స్కేలు ఉంచి తీయి.

మీ మామయ్య