వేలు ఎప్పుడు ఎత్తాలి?

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవికి ఆశీస్సులు.

లూట్ అనే ఐరోపా తంత్రీవాద్యపు సాధన గురించి నీవు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా సాగింది. అయితే, ఏ తీగను ఏ మెట్టున నొక్కాలో చూపే టాబ్లేచర్ తేలిక గనుక దానితో మొదలుపెట్టి, చేయి తిరిగాక, స్వరాన్నీ దాని నిడివినీ ఐదు గీతలపై చూపే స్టాఫ్ నొటేషన్‌కు వెళ్లాలన్న పేరాను మాత్రం నేను ఒప్పుకోలేను. ఒకటి చెప్పేది రెండవది చెప్పదు. అందుకే మొదటి నుంచీ రెండూ పక్కపక్కనే ఉండాలి.

ఒక్క బార్ (తాళావృత్తం లాంటి చిన్న విభాగం) తీసుకుని పాఠకుడికి చూపించు. ఫ్రెంచి టాబ్లేచర్‌లో ఆరు గీతలు ఆరు తీగల జతలకు గుర్తులు. ‘ఎ’ అంటే మెట్టు నొక్కని తీగ, ‘బి’ మొదటి మెట్టు, ‘సి’ రెండవది. జి శ్రుతిలో ఉన్న లూట్‌పై ఐదవ జత రెండవ మెట్టున మంద్రంలో డి అనే స్వరం, దానితోపాటే రెండవ జత మూడవ మెట్టున ఎఫ్ స్వరం మీటాక, ఆ పై స్వరం ఈ మీదుగా డికి దిగుతుందనుకో. టాబ్లేచర్‌లో మంద్రపు ‘సి’ ఒక్కసారే కనిపిస్తుంది. ఎప్పుడు మీటాలో పైనున్న లయ గుర్తు చెబుతుంది గాని, ఆ వేలు ఎంతసేపు నొక్కి ఉంచాలో చెప్పదు. నేనూ చాలాకాలం మీటిన వెంటనే వేలు ఎత్తేసి, మంద్రాన్ని మధ్యలోనే తుంచేశాను. అదే బార్‌ను స్టాఫ్‌లోకి ఎత్తి రాసినప్పుడు, కింది డి బార్ పొడవునా నిలవాలని కంటికి కనబడింది. ఇక మధ్యవేలు అక్కడే ఉంచి, ఎఫ్‌ను చిటికెనవేలితో, ఈని ఉంగరపువేలితో నొక్కడం అలవాటు చేసుకున్నాను.

స్టాఫ్ నుంచి టాబ్లేచర్‌కు రాయడంలోనూ అంతే లాభముంది. పై డి స్వరం రెండవ జతపై మెట్టు నొక్కకుండా పలుకుతుంది, మూడవ జత ఐదవ మెట్టునా పలుకుతుంది. నాదం మాత్రం వేరు. ఏది కావాలో రాసేవారే తేల్చుకోవాలి. వీణపై ఒకే స్వరాన్ని సారణి తీగ మీదా పంచమం తీగ మీదా వాయించి చూసినవారికి ఇది ఇట్టే తెలుస్తుంది, ఆ పోలిక తప్పక చేర్చు. 1597లో లండన్‌లో అచ్చయిన, ఆంగ్ల లూట్ వాద్యకారుడు జాన్ డౌలాండ్ పాటల మొదటి సంపుటిలో గాత్రానికి స్టాఫ్, దాని కిందనే లూట్‌కు టాబ్లేచర్ ఉన్నాయని కూడా రాయి.

నీ బొమ్మలో ఒక తప్పుంది. అంకెలతో రాసే ఇటాలియన్ పద్ధతిలో పై గీత మంద్రపు జతది. నీవు దానినీ ఫ్రెంచి పద్ధతిలాగే గీశావు. అచ్చుకు ఇచ్చేముందు ఆ బొమ్మను తిరిగి గీసి, వాద్యం ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క అంకెనూ మీటి సరిచూసుకో.

నీ శ్రేయోభిలాషి