మౌస్ ఆగిపోతోంది సరే, తప్పు మౌస్‌దా గదిదా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. మా తమ్ముడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి పుట్టినరోజుకని జూన్ 2న గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ షాపులో వైర్‌లెస్ గేమింగ్ మౌస్ కొనిచ్చాను. 4,800 రూపాయలు ఫోన్‌పే చేశాను. బిల్లు అడిగితే ‘ఎస్టిమేట్’ అని ఉన్న చీటీ చేతిలో పెట్టి, జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం అదనం అన్నారు. రెండు వారాలు బాగానే పనిచేసింది. ఆ తర్వాత ఆట మధ్యలో కర్సర్ ఉన్నచోటే ఆగిపోయి, ఒక్కసారిగా ఎక్కడికో ఎగిరిపోతోందట. 21న షాపుకి తీసుకెళ్తే, చీటీ కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న లైను చూపించి, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పంపుకోమన్నారు. వాళ్లు పది రోజులు ఉంచుకుని ‘లోపం ఏమీ లేదు’ అని తిప్పి పంపారు. తమ్ముడు సెలవుల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటాడు. అది తెలిసి షాపాయన ‘వ్యాపారానికి వాడితే కన్జ్యూమర్ కేసు చెల్లదు’ అంటున్నాడు. మేం కేసు వేయొచ్చా? ఎవరు వేయాలి, గుంటూరులోనా విజయవాడలోనా?

జవాబు: వేయొచ్చమ్మా. మీరు వేయొచ్చు, మీ తమ్ముడూ వేయొచ్చు. గుంటూరులో వేయొచ్చు, విజయవాడలోనూ వేయొచ్చు. కానీ ఇప్పుడున్న కాగితాలతో వేస్తే ఓడిపోతారని నా భయం. లోపం ఉందని చూపే కాగితం మీ దగ్గర ఒక్కటీ లేదు. లేదని చెప్పే కాగితం మాత్రం సర్వీస్ సెంటర్ నుంచి వచ్చి కూర్చుంది. వస్తువులో లోపం ఉందని రుజువు చేయాల్సిన భారం ఫిర్యాదు చేసినవాళ్ల మీదే ఉంటుంది. అందుకే చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి ముందు మౌస్ సంగతి చూద్దాం. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ అక్కడే.

ఇలాంటి కేసుల్లో అవతలి లాయరు అడిగే మొదటి మాట ‘ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూశారా?’ అని. లేదండీ అన్నామో, ఇక మనం ఎంత మాట్లాడినా లాభం ఉండదు.

వైర్‌లెస్ మౌస్, కంప్యూటర్‌కి గుచ్చే తన చిన్న రిసీవర్‌తో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద మాట్లాడుతుంది. ఆ బ్యాండ్‌లో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. అందుకే వైఫై రూటర్లు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, ఫోన్ హాట్‌స్పాట్లు అన్నీ అక్కడే గుమిగూడతాయి. హాస్టల్లో గదికి ముగ్గురుంటే మూడు హాట్‌స్పాట్లు, వరండాలో రూటరు. గేమింగ్ మౌస్ సాధారణంగా సెకనుకి 1000 సార్లు తన కదలికని చెబుతుంది, మామూలు ఆఫీసు మౌస్ 125 సార్లు చెబుతుంది. ఆ సందేశాలు వరసగా కొన్ని దారిలో పోయినా ఆటలో కర్సర్ ఆగినట్టు, ఎగిరినట్టు కనిపిస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ‘రెండు వారాలు బాగానే పనిచేసింది’ అన్న మాట. ఆ తర్వాత ఏం మారిందో తమ్ముణ్ణి అడగండి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడంటే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు వాడుతూ ఉండాలి. యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి, దాని వైరు నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా ఈ 2.4 బ్యాండ్ మీద పడుతుందని ఇంటెల్ కంపెనీయే 2012లో వివరంగా పత్రం ప్రచురించింది. మామూలుగా లోపల నీలం రంగు ఉండే పోర్టులు అవే. రిసీవరు ఆ పక్క పోర్టులోనే ఉండి హార్డ్ డిస్కు పనిచేస్తుంటే, మౌస్ ఎంత మంచిదైనా తడబడుతుంది.

ఇది నాకు నా టేబుల్ మీదే తెలిసొచ్చింది. స్కాన్ చేసిన కేసు కట్టల్ని హార్డ్ డిస్కుకి ఎక్కిస్తున్నప్పుడల్లా నా మౌస్ మొరాయించేది, ఎక్కించడం అయిపోగానే మామూలైపోయేది. మా జూనియర్ అబ్బాయి రెండు రోజులు గమనించి, సీపీయూ వెనక హార్డ్ డిస్కు పక్కనే గుచ్చి ఉన్న రిసీవర్ని పీకాడు. మూరెడు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు చివర దాన్ని పెట్టి, తెచ్చి మౌస్ ప్యాడ్ పక్కన ఉంచాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. కొత్త మౌస్‌కని నేను డబ్బు కూడా తీసి పెట్టుకున్నాను.

కాబట్టి తమ్ముడి చేత ఈ పని చేయించండి. ముందు నిండా ఛార్జ్ చేసి, కంపెనీ సైట్ నుంచి ఫర్మ్‌వేర్ (మౌస్ లోపల ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయమనండి. హార్డ్ డిస్కు తీసేసి, రిసీవర్ని ఎక్స్‌టెన్షన్ వైరుతో మౌస్‌కి జానెడు దూరంలో పెట్టి అరగంట ఆడమనండి. ల్యాప్‌టాప్‌ని వైఫైకి 5 గిగాహెర్ట్జ్ మీద కలిపి, బ్లూటూత్ ఆపి ఇంకో అరగంట. అద్దం పరిచిన టేబుల్ అయితే కింద గుడ్డ ప్యాడ్ ఉండాలి, గాజు మీద చాలా సెన్సర్లు దారి తప్పుతాయి. ఛార్జింగ్ వైరు తగిలించి వైర్డ్‌గా వాడే వీలుంటే అలా కూడా ఆడి చూడాలి. వైరుతోనూ ఆగిపోతుంటే గొడవ రేడియోది కాదు, సెన్సరో కంప్యూటరో చూసుకోవాలి. వైరుతో బాగుండి, వైరు తీస్తేనే ఆగితే రేడియో వైపు వెతకాలి. చివరిగా, సెలవులకి గుంటూరు వచ్చినప్పుడు మౌస్ తెచ్చి మీ ఇంట్లో వేరే కంప్యూటర్‌కి పెట్టి చూడాలి. అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే. గది మారింది, కంప్యూటరు మారింది, చుట్టుపక్కల రూటర్లూ మారాయి. అయినా ఆగిపోతుంటే ఇక మౌస్‌నే అనుమానించాలి.

ఇవన్నీ చేస్తున్నప్పుడు ఒక నోటుపుస్తకంలో తేదీ, టైము, ఏ కంప్యూటరు, ఏం జరిగింది అని రాయించండి. ఫోన్‌లో వీడియో తీసేవాళ్లు ముందు మౌస్ అడుగున ఉన్న సీరియల్ నంబరు, తర్వాత పెట్టె మీది నంబరు చూపించి, కెమెరా ఆపకుండా స్క్రీన్ మీదికి రావాలి. మధ్యలో కట్ చేస్తే దాని విలువ పోతుంది. తమ్ముడు ఎడిటింగ్ తెలిసినవాడు కనుక ఈ మాట గట్టిగా చెప్పండి. వీడియో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి కావలసిన సర్టిఫికెట్ జత చేయండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యపు నియమాల్ని అంత బిగించి పట్టుకోవు, కానీ అవతలివాళ్లకి ఆ సందు ఎందుకివ్వాలి? కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే లెక్చరరు ఎవరైనా పరీక్ష చూసి అఫిడవిట్ ఇస్తే ఇంకా బలం. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద వస్తువుని ల్యాబ్‌కి పంపమని కమిషన్‌నీ అడగొచ్చు, అయితే ఆ ఫీజు ముందు మీరే కట్టాలి. 4,800 రూపాయల వస్తువుకి ఆ దారి చివర్లో చూసుకుందాం.

హార్డ్ డిస్కు తీయగానే మౌస్ బాగుపడితే? అప్పుడు కేసు లేదమ్మా. సర్వీస్ సెంటర్ రాసింది నిజమేనని ఒప్పుకుని, ఎక్స్‌టెన్షన్ వైరు కొనుక్కోండి. ఈ మాట ఇప్పుడే చెప్పడం నా బాధ్యత. ఏడాది తిరిగాక కమిషన్లో తెలుసుకోవడం కన్నా నయం.

పరీక్షల్లో లోపమే తేలిందనుకుందాం. అప్పుడు షాపాయన చెప్పిన మాటలు ఒక్కటీ నిలబడవు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ చెప్పకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. మీ చీటీలో గడువు లేదు. మీరు వెళ్లింది 19వ రోజున. ‘వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేయించుకున్నంత మాత్రాన చట్టం ఆగదు. బిల్లివ్వకపోవడం కూడా అదే సెక్షన్ 2(47) కింద అనుచిత పద్ధతే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న షాపు 4,800 రూపాయల అమ్మకానికి ఇన్వాయిస్ ఇచ్చి తీరాలి. పెట్టె మీది ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాన్ని మించి అడగకూడదు. చీటీని పారేయకండి. ఎస్టిమేట్ అన్నా అందులో తేదీ, మోడల్, ధర ఉంటే, మీ ఫోన్‌పే రికార్డుతో కలిపి కొనుగోలు రుజువవుతుంది.

వ్యాపారం అన్న వాదన చాలామందిని భయపెడుతుంది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుతాను. తిరిగి అమ్మడానికో వాణిజ్య ప్రయోజనానికో కొన్నవాడు వినియోగదారుడు కాడన్నది నిజం. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి తానే వాడుకునే వస్తువు అందులోకి రాదని సెక్షన్ 2(7) వివరణే చెబుతోంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు టైప్‌రైటర్ ఉదాహరణ ఇచ్చింది. టైప్‌రైటర్ కొని, తానే కూర్చుని డబ్బులకి ఇతరుల కాగితాలు టైపు చేసి బతికేవాడు వినియోగదారుడే. కొన్న ప్రధాన ఉద్దేశం ఏమిటో చూడాలని 2019లో లీలావతి ట్రస్టు కేసులోనూ అదే కోర్టు చెప్పింది. పుట్టినరోజుకి అక్క కొనిచ్చిన మౌస్‌తో తమ్ముడు ఆడుకుంటూ సెలవుల్లో నాలుగు వీడియోలు చేస్తే అది వాణిజ్యం ఎలా అవుతుంది? ఫిర్యాదులో ఈ సంగతి దాచకండి. ఉన్నదున్నట్టు మొదటి పేరాలోనే రాయండి.

డబ్బు కట్టింది మీరు, మీ అనుమతితో వాడుతున్నది తమ్ముడు. చట్టం ఇద్దర్నీ వినియోగదారులుగానే చూస్తుంది. చెల్లింపు మీ ఖాతా నుంచి జరిగింది కనుక ఫిర్యాదు మీరు వేసి, తమ్ముడి చేత అఫిడవిట్ ఇప్పించండి. ఫిర్యాదీ నివాసం ఉన్నచోటే వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది, కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయండి. మనవాళ్లు ఇప్పటికీ కన్జ్యూమర్ ఫోరం అనే అంటారు, అదే ఇది. వస్తువు ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వీడియో కాన్ఫరెన్స్ విచారణ కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చు. గడువు రెండేళ్లు. ల్యాబ్ పరీక్ష లేని ఫిర్యాదుని, అవతలివాళ్లకి నోటీసు అందాక మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది, సిద్ధపడి ఉండండి. దానికి ముందు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి. చాలా చిన్న కేసులు అక్కడే సర్దుబాటవుతాయి.

షాపుని మొదటి ప్రతివాదిగా, పెట్టె మీద పేరున్న దిగుమతిదారుని రెండో ప్రతివాదిగా చేర్చండి. ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ అన్న మాట ఎక్కడైనా చదివి ఫిర్యాదులో రాసేరు, వద్దు. వస్తువు వల్ల మనిషికో వేరే ఆస్తికో కలిగిన హాని కోసం అది. వస్తువే పాడైతే అది వర్తించదు.

ఇక మార్చి ఇమ్మనాలా, డబ్బు ఇమ్మనాలా? ఇది తమ్ముడు ఉండే చోటుని బట్టి తేల్చుకోవాలి. అన్ని రూటర్ల మధ్య ఉన్నవాడికి మళ్లీ అదే మోడల్ వస్తే మళ్లీ అదే గొడవ రావచ్చు. నేనైతే డబ్బే అడుగుతాను. ఆ డబ్బుతో వైరుతోనూ పనిచేసే మౌస్ కొనాలి, లేదా శుభ్రంగా వైర్డ్ మౌసే. పెట్టె మీది డీపీఐ (కర్సర్ ఎంత వేగంగా కదలాలో చెప్పే) అంకె చూసి మోసపోవద్దు, అంత పెద్ద అంకె ఆటలో దాదాపు ఎవరూ వాడరు. అరచేయి మొత్తం ఆనించి పట్టుకుంటాడా, వేళ్ల కొసలతో పట్టుకుంటాడా, బరువు సరిపోతుందా అన్నవే ముఖ్యం. వాణ్ణే షాపుకి తీసుకెళ్లి చేత్తో పట్టించండి.

పరిహారం లక్షల్లో అడగొద్దు. ధర, దాని మీద వడ్డీ, తిరుగుళ్ల ఖర్చు, మనోవేదనకి న్యాయంగా తోచిన మొత్తం. అంతకు మించితే అసలు అడిగినదాని బరువు తగ్గుతుంది.

నోటీసు తప్పనిసరి కాదు గానీ, పంపండి. షాపుకీ దిగుమతిదారుకీ స్పీడ్ పోస్టులో, ఈ మాదిరిగా: ‘జూన్ 2న మీ వద్ద 4,800 రూపాయలకి కొన్న ఈ సీరియల్ నంబరు గల వైర్‌లెస్ మౌస్ ఫలానా తేదీల్లో, రెండు వేర్వేరు కంప్యూటర్ల మీద, రెండు వేర్వేరు ఊళ్లలో పరీక్షించగా వైరు లేకుండా వాడినప్పుడు పదే పదే ఆగిపోతున్నది. వీడియోలు నా వద్ద ఉన్నవి. జూన్ 21న, అంటే 30 రోజుల లోపే, మీ దృష్టికి తెచ్చినా మీరు వెనక్కి తీసుకోలేదు. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో వస్తువు తీసుకుని సొమ్ము తిరిగి ఇవ్వగలరు. పన్ను ఇన్వాయిస్ కూడా ఇవ్వగలరు.’ దీని నకలు, పోస్టాఫీసు రసీదు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ షీటు ఒకే కవర్లో పెట్టి ఉంచండి. జాబ్ షీటులో మౌస్‌ని ఏ పరీక్ష చేసి బాగుందన్నారో రాసి లేకపోతే, ఆ వివరం అడుగుతూ వాళ్లకీ ఈ రోజే ఒక మెయిల్ పెట్టండి.