ఎల్‌కేజీ పిలకాయలకి ప్రకృతి పాఠాలు బయట చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగినావిడ కావలిలో చిన్న ప్లేస్కూల్ పెట్టారంట, ఎల్‌కేజీ యూకేజీ కలిపి పాతిక మంది, నెలకోసారి బస్సు మాట్లాడుకోని ఎటైనా తీసుకెళ్ళి చెట్టూ చేమా పురుగూ పుట్రా అన్నీ చూపించాలని ఉంది, ఎక్కడికి పోతే బాగుంటుంది, ఖర్చు ఎంతవుద్ది అని అడిగారు.

బస్సు మాట కొంచెం పక్కన పెట్టండి మేడం. నేను కోవూరు దగ్గర ఒక చిన్న స్కూల్లో ఎనిమిదేళ్ళు ఎల్‌కేజీకి చెప్పా, మొదటి ఏడు నేనూ అచ్చం మీలాగే అనుకోని డిసెంబర్లో పిలకాయల్ని నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్ళా. గూడబాతులు గూళ్ళు పెట్టే సీజను, నీళ్ళల్లో నిలబడ్డ చెట్ల మీద గుంపులు గుంపులుగా ఉన్నాయి, నాకైతే భలే సంతోషం. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు కయ్యలకి బలమని ఆ ఊరి రైతులు వాటి జోలికి ఎవర్నీ పోనీరు కదా, ఆ కథంతా చెప్పాలని ముందురోజు రాత్రి ఇంట్లో ప్రాక్టీసు కూడా చేసుకున్నా. తీరా పోతే ఇద్దరు బస్సులోనే వాంతి చేసుకున్నారు, నాలుగేళ్ళ బిడ్డకి బైనాక్యులర్ పట్టుకోవడం రాదు, అంత దూరాన చెట్టు మీద ఉండే పక్షి వాడి లెక్కలో లేనట్టే, ఒకడు పెలికాన్‌ని చూసి బాతు అని తేల్చేశాడు (మన పేరు గూడబాతే కాబట్టి వాడిదీ తప్పు కాదులెండి). మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు పులిహోర మెతుకు ఒకటి కింద పడింది, దాన్ని చీమలు లాక్కుపోతా ఉంటే ఇరవై రెండు మందీ చుట్టూ గొంతుక్కూర్చోని చూస్తా ఉండారు, లేపితే ఒక్కరు లేవలా. ఆ చీమలే మా స్కూలు ప్రహరీ పక్కన కూడా ఉన్నాయి కదా అని నాకు అప్పుడు తట్టింది.

బడి ఆవరణలోనే ప్రకృతి చూపించడం నేనేం కనిపెట్టింది కాదు. కిండర్‌గార్టెన్ అనే మాటకే పిల్లల తోట అని అర్థం, 1837లో జర్మనీలో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్ళో ఫ్రోబెల్ అనే ఆయన ఈ బడి మొదలుపెట్టి 1840లో ఆ పేరు పెట్టాడు, ఒక్కో బిడ్డకి సొంతానికి చిన్న మడి ఇచ్చేవాడు. మనం ఆ పేరు బోర్డు మీద రాసుకోని లోపల మొత్తం టైల్స్ వేయించుకున్నాం.

రెండో ఏడు నేను చేసిందల్లా రెండు నిమ్మ మొక్కలు తొట్లల్లో పెట్టడమే. రోజూ పొద్దున ప్రేయర్ అవగానే పది నిమిషాలు ఆడికే, ఇంకెక్కడికీ పోవడం లేదు. వారం రోజులు ఏమీ లేదు, పిలకాయలు ఆకు నలిపి వాసన చూడటం, ముల్లు గుచ్చుకుంటే ఏడవటం, అంతే. తర్వాత ఒకరోజు ఒక పాప ఆకు మీద పిట్ట రెట్ట వేసింది మిస్ అనింది, చూస్తే అది కదులుతోంది. నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు చిన్నప్పుడు అచ్చం రెట్ట లాగే ఉంటాయి, పిట్టలు తినకుండా ఆ వేషం. కొంచెం పెద్దయితే ఆకుపచ్చగా మారతాయి, పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి పెట్టి ఘాటు వాసన వదుల్తాయి, అది చూసి క్లాసంతా కెవ్వుమని అరుపులు. గూడు కట్టేటప్పుడు నడుం చుట్టూ దారం వేసి కొమ్మకి కట్టుకుంటుంది, పడిపోకుండా సీటు బెల్టు పెట్టుకుంది మిస్ అన్నాడు ఒకడు. గుడ్డు నుంచి ఎగిరిపోయేదాకా మా దగ్గర నెల లోపలే అయిపోయింది. నేను చెప్పింది చాలా తక్కువ, అడిగితే చెప్పేదాన్ని, లేదంటే నువ్వేమనుకుంటున్నావని తిరిగి అడిగేదాన్ని.

ఒక తప్పు చేశా, అది కూడా చెప్తా. ఈ పురుగులు తినేది మామూలు తిండి కాదు, రెండు మొక్కల ఆకులూ బోడి చేసేశాయి. మా ఆయమ్మ వాళ్ళ తమ్ముడికి పొదలకూరు కాడ నిమ్మ తోట ఉంది, ఒక సంచి రెమ్మలు తెప్పించి వేశాం. మందు కొట్టి రెండు రోజులైందని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడు పొద్దునకి తొమ్మిది పురుగులూ నల్లగా వేలాడతా ఉన్నాయి. ఎవరూ రాకముందే తీసి పారేద్దామనుకున్నా గానీ అప్పటికే ఇద్దరు వచ్చేశారు. ఏమైంది అంటే ఆకు మీద మందు ఉంది, నేను కడగకుండా పెట్టా, నాదే తప్పు అని చెప్పా. "వాళ్ళమ్మకి ఎవరు చెప్తారు మిస్" అని అడిగింది ఒక పాప, నాకు జవాబు రాలా. తొట్టి మట్టిలోనే పూడ్చారు. ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో కొత్తిమీర కట్ట తెచ్చినా మందు కొట్టారా అని వాళ్ళ అమ్మల్ని నిలదీశారంట.

ఇంకొకటి, పుస్తకాన్ని నమ్ముకోని ప్లాన్ వేసుకోవద్దు. పుస్తకంలో జూన్ అంటే వాన, గొడుగు బొమ్మ, కప్ప బొమ్మ. మన నెల్లూరులో జూన్‌లో పొద్దున తొమ్మిదికే సెగ, వాన యాడ మిస్ అని బయటికి చూస్తారు. మన వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలది. అందుకని జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నీడలోనే ఉండి చీమలు, చింతగింజలు లెక్కపెట్టడం, గాజు గ్లాసులో తడిగుడ్డ పెట్టి అలసందలు మొలకెత్తించడం ఇలాంటివి. అక్టోబర్లో తూనీగలు, గుంటల్లో నీళ్ళు. వానలయ్యాక నాట్లప్పుడు గెనిమ మీద నిలబడి దమ్ము చేసే ట్రాక్టర్ వెనక కొంగలు ఎందుకు పోతున్నాయో చూడమనండి, డ్రైవర్ అన్నం పెడతాడేమో అన్నాడు మావాడు ఒకడు, రెండు రోజులు ఆ మాట మీదే ఉన్నాడు, మూడో రోజు మట్టిలోంచి పురుగు పైకి రావడం వాడే చూశాడు. మార్చి ఏప్రిల్లో కోతలు ఎలాగూ ఉంటాయి.

తల్లిదండ్రుల సంగతికి వస్తే గొడవ ఖాయం, ఇప్పుడే మనసులో అనుకోండి. ఫీజు కట్టింది మట్టి పిసకడానికా అని ఒకాయన మా ఆఫీసు రూములో కేకలు వేసి పోయాడు. 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకి ఆటతోనే చదువు చెప్పమని 2022లో కేంద్రం ఇచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ కరికులంలోనే ఉందని చెప్పి చూశా, వినలా. చివరికి పనిచేసింది ఏందంటే పాత చొక్కా ఒకటి సంచిలో పెట్టి పంపండి అనడం, శనివారం జేజిని గానీ తాతని గానీ పిలవడం. జేజిలు వచ్చి కూర్చుంటే సగం పాఠం వాళ్ళే చెప్పేస్తారు, ఏ ఆకు దేనికో మనకంటే వాళ్ళకే తెలుసు.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా పట్టుకోండి. పచ్చ గన్నేరు కాయ, ఆముదం గింజ, గురివింద గింజ, ఉమ్మెత్త ఇవి విషం, ఈ వయసు పిలకాయలు చేతికొచ్చింది నోట్లో పెడతారు కాబట్టి ఆవరణలో ఉంటే ముందు అవి తీసేయించండి, జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. రొయ్యల గుంటల గట్ల మీదికి, కాలవ దగ్గరికి అస్సలు వద్దు, ఎంతమంది పెద్దోళ్ళు ఉన్నా వద్దు. కంపచెట్ల కింద ముళ్ళుంటాయి, చెప్పులు విప్పనివ్వొద్దు. గేటు బయటికి పోతే ఐదుగురికి ఒక పెద్ద మనిషి ఉండాల్సిందే.

ఖర్చు అడిగారు కదా, రెండు తొట్లు, నాలుగు నిమ్మ మొక్కలు, అంతే. రెండు కాదు నాలుగు తీసుకోండి, రెండయితే పురుగులు పది రోజుల్లో ఖాళీ చేసేస్తాయి, నాకు తెలుసు. నర్సరీలో కొనేటప్పుడు మందు ఎప్పుడు కొట్టారని అడగండి, తెలియదంటే తెచ్చి నెల రోజులు అలా ఎండకీ నీళ్ళకీ వదిలేసి తర్వాతే పిలకాయలకి చూపించండి.