నాయన రూపం మిక్చర్ ప్యాకెట్ మీదకెక్కింది... ఆపించగలమా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా నాయన ముప్పై ఏళ్లుగా బుర్రకథ చెబుతున్నాడు. పసుపు పాగా కొస ఎడమ చెవి మీదుగా భుజం దాకా వేలాడుతుంది, గుండ్రటి కళ్లజోడు ముక్కు కొసకు జారి ఉంటుంది, తెల్ల మీసం చెంపల దాకా పాకి ఉంటుంది. తిరునాళ్ల పోస్టర్ల మీద పేరు కంటే పైన ఆ బొమ్మే వేస్తారు. ఇప్పుడు ఒంగోలులో తయారయ్యే ఒక మిక్చర్ ప్యాకెట్ మీద అదే బొమ్మ వచ్చింది. పేరు లేదు. అడిగితే ‘బుర్రకథ వేషం మీ సొత్తా?’ అంటున్నారు. నాయన దగ్గర నేర్చుకున్న ఒకతను కూడా అచ్చం ఇలాగే తయారై బయానాలు తీసుకుంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: వాళ్ల మాటలో సగం నిజం ఉంది, ముందు అది ఒప్పుకుందాం. తలపాగా, నిలువుటంగీ, నడుముకు పటకా, కాళ్లకు గజ్జెలు, భుజాన తంబురా బుర్రకథ చెప్పే ప్రతి ఒక్కరివీ. వాటి మీద హక్కు నాదంటే ఏ కోర్టూ వినదు. వినకూడదు కూడా, రేపు కథ నేర్చుకునే పిల్లలు ఏం కట్టుకోవాలి? కానీ మీరు పంపిన ప్యాకెట్ ఫొటోను పెద్దది చేసి చూశాను. పాగా కొస ఎడమ చెవి మీదుగానే దిగింది. కళ్లజోడు ముక్కు కొసనే ఉంది. ఉత్త వేషం వాడుకుని ఉంటే ఎవరో ఒక కథకుడు కనబడేవాడు. ఇందులో మీ నాయనగారే కనబడుతున్నారు. మీ కేసంతా ఈ తేడా మీదే నిలబడుతుంది.

1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలో మనిషి రూపం అని విడిగా రాసి లేదు. అయితే పేరు, సంతకం, బొమ్మ, రంగుల కూర్పు ఉన్నాయి. కాగితం మీద గీసి చూపగలిగి, ఒకరి సరుకునో సేవనో మిగతావాళ్లవాటి నుంచి వేరు చేసి చూపగలిగితే రూపం కూడా ట్రేడ్‌మార్క్ అవుతుంది. మొహం పదిమందికీ తెలిసినంత మాత్రాన సరిపోదు. ఆ బొమ్మ చూడగానే ‘ఫలానా దళం కథ’ అని జనానికి తట్టాలి. మీ పోస్టర్లు చేసిన పని అదే.

రిజిస్ట్రేషన్ లేదని దిగులు పడకండి. 27(2) సెక్షన్ ప్రకారం ‘పాసింగ్ ఆఫ్’ దావా, అంటే ఒకరి పేరు ప్రతిష్ఠను వాడుకుని తన సరుకు అమ్ముకోకుండా ఆపమనే దావా, వేయవచ్చు. మీ నాయనగారికి ఆ రూపంతో పేరు వచ్చిందనీ, ప్యాకెట్ చూసినవాళ్లు ఆయన ఒప్పుకునే వేశారని అనుకుంటారనీ, అందువల్ల నష్టమనీ చూపాలి. గాయకుడు దలేర్ మెహందీని పోలిన, ఆయన పాట పాడే బొమ్మలను దుకాణాల్లో అమ్మితే 2010లో ఢిల్లీ హైకోర్టు ఆపించింది. అదే తీర్పులో వ్యంగ్య చిత్రాల మీద, పేరడీల మీద ఈ హక్కును ప్రయోగించరాదని కూడా హెచ్చరించింది. 2023లో హిందీ నటుడు అనిల్ కపూర్ పేరు, రూపం, గొంతు, ఆయన ‘ఝకాస్’ మాటతో సహా వాడకుండా ఉత్తర్వులిచ్చిందీ ఆ కోర్టే. వాళ్లు దేశమంతా తెలిసినవాళ్లు, నిజమే. మీ నాయనగారికి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్న పేరు తక్కువదని నేననుకోను. ఆ ప్యాకెట్లు అమ్ముడయ్యేదీ ఇక్కడేగా.

నాకు అసలు భయం వేరే ఉంది. ఆ తయారీదారు ముందుగా ఈ బొమ్మను తన పేర రిజిస్టర్ చేయించుకోవచ్చు. బతికున్న మనిషితో సంబంధం ఉన్నట్టు తప్పుగా తోపించే మార్కుకు ఆ మనిషి రాతపూర్వక అనుమతి తెమ్మని 14వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ అడగవచ్చు. చనిపోయి ఇరవై ఏళ్లు దాటనివాళ్ల విషయంలోనూ అంతే, అప్పుడు వారసుల అనుమతి కావాలి. కానీ చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీసులో కూర్చున్న అధికారికి మీ నాయనగారు ఎవరో తెలియాలి కదా! ఆ ఆఫీసు దరఖాస్తులను ప్రకటించే ట్రేడ్ మార్క్స్ జర్నల్ గమనిస్తుండండి. దరఖాస్తు అందులో అచ్చయితే నాలుగు నెలల్లోగా అభ్యంతరం వేయాలి.

ఈలోగా మీరే దరఖాస్తు పెట్టండి. ఆ ముఖాన్ని శుభ్రంగా గీయించి, వినోద సేవలకు చెందిన 41వ తరగతిలో టీఎం-ఏ ఫారం వేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయల ఫీజు. రిజిస్టరైతే పదేళ్లు, ఆపైన పునరుద్ధరించుకోవచ్చు. తినుబండారాల తరగతి కూడా కలపమని ఎవరైనా చెబితే ఆగండి. అమ్మని సరుకు మీద మార్కు తీసుకుంటే వాడలేదని తర్వాత తీయించే వీలుంటుంది.

శిష్యుడి సంగతి నోటీసు దాకా పోకుండా ఊరి పెద్దల ముందు తేల్చుకుంటే మంచిదని నా అభిప్రాయం. కథ చెప్పుకోనివ్వండి, పాగా కొస, కళ్లజోడు మాత్రం మార్చుకోమనండి. వినకపోతే అతనికీ ఇదే దావా వర్తిస్తుంది.

ప్యాకెట్లు కావలిలో రెండు మూడు షాపుల్లో కొని తేదీతో బిల్లు తీసుకోండి. పాసింగ్ ఆఫ్ దావాకు ఇక్కడ అమ్మకం జరిగిందన్న రుజువు ఉంటేనే ఒంగోలు దాకా వెళ్లకుండా నెల్లూరులో వేయగలుగుతాం. పాత పోస్టర్లు, బయానా చీటీలు, తిరునాళ్ల కమిటీ రసీదులు ఏవీ చెదలు పట్టకముందే ఒక్కొక్కటీ ఫొటో తీసి, ఏ ఊరిదో ఏ ఏడాదిదో వెనక రాయించండి. అవి నాయనగారి చేతే రాయిస్తే మంచిది.