అమ్మ బంగారం కుదువ పెట్టి రెట్రో నైటా?

ప్రశ్న (పెద్ద ఉత్తరం, కుదించి ఇస్తున్నాం): మాది రావులపాలెం దగ్గర ఊరు. వయసు 33. రాజమండ్రిలో ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 48 వేలు. నా భార్య స్కూలు టీచరు, 15 వేలు వస్తాయి. కారు ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 46 వేలు, చీటీకి 10 వేలు కడుతున్నాం. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. అమ్మ (61) మాతోనే ఉంటుంది, షుగరు, బీపీ ఉన్నాయి. కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మ పేరు లేదు. పాత పాటలంటే నాకు ప్రాణం, ఇంట్లో రెండు గ్రామఫోన్లు, బోలెడు రికార్డులు ఉన్నాయి. నేనూ నా స్నేహితుడూ కలిసి డిసెంబరు మొదటి శనివారం రాజమండ్రిలో ఒక హోటల్లో 1960ల నాటి రెట్రో క్లబ్ నైట్ పెడదామనుకుంటున్నాం. భోజనాలకు 2.10 లక్షలు, హాలుకు 60 వేలు, సౌండు, లైట్లకు 70 వేలు, ఆర్కెస్ట్రాకు 80 వేలు, గుమ్మంలో పాత అంబాసిడర్‌తో సహా అలంకరణకు 65 వేలు, ప్రచారానికి 35 వేలు, మొత్తం 5.20 లక్షలు. 1,500 చొప్పున 300 టికెట్లు అమ్ముతాం, స్పాన్సర్లు 2 లక్షలు ఇస్తామన్నారు. బ్యాంకులో 1.40 లక్షల ఎఫ్‌డీ ఖాళీగా ఉంది. అమ్మ బంగారం మీద 2.30 లక్షలు, క్రెడిట్ కార్డు మీద 1.50 లక్షలు తీస్తే సరిపోతుంది. లేకపోతే రెండు లక్షల చీటీ పాడుకోమంటారా? ఏది మేలు?

జవాబు: మూడింటిలో ఏదీ వద్దు. మీ సరదాను కాదనడం లేదు. ఇంట్లో రికార్డులు పెట్టుకుని మురిసిపోయేవాళ్లు నలుగురికీ వినిపించాలనుకోవడం మంచిదే. నాకు కోపం వచ్చింది 'ఎఫ్‌డీ ఖాళీగా ఉంది' అన్న మాటకు. రొయ్యల చెరువు లీజుకు తీసుకుంటామనేవాళ్లు, టిఫిన్ సెంటర్ పెడతామనేవాళ్లు, యూట్యూబ్ ఛానల్‌కి కెమెరా కొంటామనేవాళ్లు, అందరూ ఇదే మాట రాస్తారు.

ఆ ఎఫ్‌డీ ఖాళీగా లేదండీ. మీ ఇంటికి కాపలా ఉన్నది అదొక్కటే. ఖర్చు, చీటీ కలిపి మీకు నెలకు 56 వేలు కావాలి. రేపు ఉద్యోగం పోతే, మీ భార్య జీతం లెక్కలో వేయకుండా చూస్తే, 1.40 లక్షలు రెండున్నర నెలలకు అయిపోతాయి. ఆరు నెలలకు సరిపడా, అంటే 3.36 లక్షలు, పక్కన ఉండాలి. దాంట్లో సగం కూడా మీ దగ్గర లేదు. ఆ ఉన్నదాన్ని హాలు అడ్వాన్సుకీ, ఆర్కెస్ట్రా అడ్వాన్సుకీ ఇచ్చేస్తానంటున్నారు. అడ్వాన్సు వెనక్కి రాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక బంగారం. మన డెల్టాలో చాలా ఇళ్లలో అసలు అత్యవసర నిధి బీరువాలో ఉన్న బంగారమే. అర్ధరాత్రి గుండెలో నొప్పి వస్తే, తెల్లారేసరికి ఏ కాకినాడ ఆసుపత్రిలోనో డబ్బు కట్టమంటే, ఆ ఇంటి మగాళ్లు గాజులు పట్టుకుని వెళ్లేది తాకట్టుకే. మీ ఇంట్లో ఆ అవసరం రాగల మనిషి ముందు అమ్మగారే. ఆవిడ వయసు, షుగరు, బీపీ మీరే రాశారు, పాలసీ లేదనీ మీరే రాశారు. ఆవిడ గాజులు ఆవిడ వైద్యానికి అక్కరకు రాకుండా ఒక్క రాత్రి ఆర్కెస్ట్రాకు తాకట్టులో ఉంటే, అప్పుడు మీకు మిగిలేది నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్లే. అసలు అమ్మగారిని అడిగారా? ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా కనిపించలేదు.

క్రెడిట్ కార్డు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. నగదుగా తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. నెలకు మూడున్నర శాతం అంటే ఏడాదికి 42. స్పాన్సరు 'వచ్చే నెల చూద్దాం' అన్నప్పుడల్లా అది మీ మీదే పడుతుంది.

స్పాన్సర్లు ఎవరో కూడా రాశారు. ఒకరు బంగారు కొట్టు, ఇంకొకరు రొయ్యల మేత డీలరు, చెరో లక్ష. మేత డీలరు ఇచ్చే మాట చెరువు ఇచ్చే మాటే. ఆయన మేతంతా అరువు మీద పోతుంది, రైతులు రొయ్యలు పట్టి అమ్ముకున్నాకే డబ్బు తిరిగొస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి వెళ్లినప్పుడు భీమవరం వైపు రైతులు ఎంత కంగారు పడ్డారో మీకు తెలియనిది కాదు. ఆయన మంచివాడే కావచ్చు. డబ్బు మీ ఖాతాలో పడేదాకా ఆ లక్ష లెక్కలోకి రాదు.

మీ లెక్కనే కొంచెం నిజానికి దగ్గరగా వేద్దాం. మన ఊళ్లలో టికెట్ల కంటే పాస్‌లు ఎక్కువ తిరుగుతాయి. స్పాన్సరుకు ఇరవై, హోటల్ వాళ్లకు పది, ఆర్కెస్ట్రా వాళ్ల చుట్టాలకు పది, ఆపైన 'ఏరా, మాకు టికెట్టా?' అనే దోస్తులు. రెండు వందల యాభై మంది వచ్చినా డబ్బు కట్టినవాళ్లు 180 అనుకోండి, వచ్చేది 2.70 లక్షలు. ఒక స్పాన్సరు మాట నిలబెట్టుకుంటే 3.70. భోజనాలవాళ్లు కనీసం 250 ప్లేట్లకు గ్యారంటీ అడిగితే, మీరు వేసుకున్న ప్లేటు 700 లెక్కన 1.75 లక్షలు. మిగతా ఖర్చులు 3.10 లక్షలు ఎటూ తప్పవు. మొత్తం 4.85. నష్టం 1.15 లక్షలు. రెండో స్పాన్సరు కూడా ముఖం చాటేస్తే 2.15 లక్షలు. వడ్డీ ఇంకా కలపలేదు.

మీ జాబితాలో పాటల లైసెన్సు లేదు. 'పాత పాటలే కదా' అని రాశారు. రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1960ల మొదట్లో వచ్చినవాటికి గడువు తీరి ఉంటుంది గానీ, 1968, 69 నాటి రికార్డులకు తీరలేదు. సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు, వాటిని రాసినవాళ్లు, కట్టినవాళ్లు పోయాక 60 ఏళ్లు. కాబట్టి ఆర్కెస్ట్రా స్వయంగా పాడినా సరిపోదు. పెళ్లిళ్లలో ఎవరూ అడగరంటే పెళ్లి వేడుకలకు చట్టమే మినహాయింపు ఇచ్చింది, టికెట్ పెట్టి జరిపే రాత్రికి ఇవ్వలేదు. రికార్డింగుల హక్కులు చూసే పీపీఎల్, సాహిత్యం, బాణీల హక్కులు చూసే ఐపీఆర్‌ఎస్ వాళ్లకు ఏం కట్టాలో ముందే కనుక్కోండి. మందు పోయిస్తామంటే ఎక్సైజ్ వాళ్ల అనుమతి వేరే. గోదావరి గట్టున ఆరుబయట పెడదామా అన్న ఆలోచన కూడా మానుకోండి, రాత్రి పది దాటాక బయట మైకులు మోగకూడదు.

తేదీ కూడా నాకు నచ్చలేదు. 2023లో సరిగ్గా ఆ రోజుల్లోనే, డిసెంబరు 5న, మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గోదావరి జిల్లాల్లో కోసిన ధాన్యం తడిసిపోయింది. అలాంటి వారంలో 1,500 పెట్టి ట్విస్టు ఆడటానికి ఎవరొస్తారు? పైగా ముహూర్తాలుంటే ఆ రోజుల్లో హాలు అద్దె దిగదు. ధనుర్మాసం పట్టాకో, మూఢంలోనో, ఆషాఢంలోనో పెళ్లిళ్లుండవు, హాళ్లు ఖాళీ. అప్పుడు బేరమాడండి. తుపాను వస్తే తేదీ మార్చుకోవచ్చని అడ్వాన్సు రసీదు మీదే రాయించుకోండి.

సరదా తీరాలంటే ఎనభై మందితో చేయండి. గ్రామఫోన్లు మీవే, ఆర్కెస్ట్రా బదులు ఊళ్లో పాడేవాళ్లు ఇద్దరు చాలు, బఫే బదులు పునుగులు, మిరపకాయ బజ్జీలు, టీ. అంబాసిడర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవచ్చు. టికెట్ డబ్బు ముందు వసూలు చేసి, ఆ తర్వాతే హాలు మాట్లాడండి. మీ ఇద్దరి జేబుల్లోంచి పోయినా పర్లేదనుకునే మొత్తం ఎంతో ముందే అనుకోండి. నా లెక్కలో అది మీకు 20 వేలు దాటకూడదు.

ఈలోగా ఎఫ్‌డీని ముట్టుకోకండి. చీటీ ఇప్పుడు పాడితే పాటలో 40 వేలదాకా వదులుకోవాలి, చివరిదాకా ఉంచితే మీ అత్యవసర నిధిలో మిగతా సగం అదే. అన్నిటికంటే ముందు ఈ నెలలోనే అమ్మగారికి విడిగా ఆరోగ్య పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, ఇంకా ఆలస్యం చేయడానికి ఆ సాకూ లేదు. ముందునుంచే ఉన్న జబ్బులకు మూడేళ్లదాకా ఆగమంటారు, ఆ గడియారం పాలసీ మొదలైన రోజునే మొదలవుతుంది. దరఖాస్తులో షుగరు ఎన్నేళ్ల నుంచి, ఏ మందులు వాడుతున్నారు, అన్నీ రాయండి. ఏజెంటు 'వద్దులెండి, ప్రీమియం పెరుగుతుంది' అంటే ఏజెంటునే మార్చండి.

మీ స్నేహితుడు తన వాటాకు రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాస్తున్నాడనీ, మిమ్మల్ని సాక్షి సంతకం పెట్టమన్నాడనీ చివర్లో ఒక వాక్యం ఉంది. పెట్టకండి. ఆయనకు ఈ జవాబు చూపించండి.